కోతలకు వస్తానన్నవాడు

మా ఆయన దగ్గర మద్రాసు మాట ఎత్తకూడదు. మా ఇంట్లో పిల్లకి అక్షరాలకన్నా ముందు నేర్పిన సంగతి ఇది. మా మామగారు కాకినాడలో కాలేజీ కుర్రాడిగా ఉన్న రోజుల్లో, ఆంధ్ర రాష్ట్రం కోసం ఊరేగింపులో నడుస్తూ "మద్రాసు మనదే" అని అరిచి లాఠీ దెబ్బలు తిన్నారు. రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆయన ఎడమ మోచెయ్యి మాత్రం చివరిదాకా తిన్నగా చాచడానికి రాలేదు. ఆ మోచెయ్యి చూస్తూ పెరిగిన కొడుకు ఈయన. పేరు అమరేశ్వరరావు. పేరు పెట్టి పిలవను గాని, రాయడానికేం, రాస్తాను. ఆ పైన ఢిల్లీలో మట్టి శాస్త్రం చదివినన్నాళ్ళూ హాస్టల్లో అందరూ "ఏయ్ మద్రాసీ" అని పిలిచేవారట. ఇక చెప్పేదేముంది, పుండు మీద కారం.

మా చెల్లెలు పద్మినిని మద్రాసు సంబంధానికి ఇస్తే, పెళ్ళికి వచ్చి కూడా మూతి ముడుచుకునే కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళయింది, వాళ్ళ గడప తొక్కలేదు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ హైదరాబాదులో దిగి, "నువ్వే ఇటు రామ్మా" అని దాన్ని పిలిపించుకుంటారు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఈ ఏడు మే నెలలో కెనడాలోనే గ్వెల్ఫ్ ఊరు వదిలి సస్కటూన్ వచ్చాను. మా నిఖిలకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఇద్దరం రిటైరయ్యాం, మంచు తవ్వుకోవడమేదో పిల్ల దగ్గరే తవ్వుకుందామని ఇల్లు మార్చాం.

పక్కింటి ఆవిడ పేరు ఓల్గా. ఎనభై ఎనిమిదేళ్ళు, ఒంటరి మనిషి. వాళ్ళ తాతముత్తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఇక్కడ గోధుమ పండించుకున్నారట. జూన్‌లో ఒక ఆదివారం కంచె దగ్గరికి వచ్చింది, చేతిలో రూబార్బ్ అనే పుల్లటి ఎర్ర కాడల కట్ట. మాతో మాట్లాడుతూ మొహం మాత్రం పక్కకి తిప్పుకుంది. ఆవిడకి కంటి నడిమి చూపు పోయి అంచుల చూపే మిగిలిందనీ, మనిషిని చూడాలంటే అలా పక్కకి తిరగాల్సిందేననీ నాకప్పుడు తెలియదు. ఇదేం పొగరమ్మా అనుకున్నాను.

"ఇండియా నుంచా?" అంది.

"అవునండి," అన్నాను.

ఆవిడ కంచె పట్టుకుని ముందుకి వంగింది. "మద్రాస్ నుంచా?"

అయిపోయింది! నేను మా ఆయన చొక్కా పట్టుకుని లాగాను. ఆగితేగా! మేం మద్రాసీలం కాదన్నారు. మా భాష వేరు, మా లిపి వేరు, మా రాష్ట్రం వేరు అన్నారు. దక్షిణాది వాళ్ళందరినీ ఒకే గాటన కట్టేయడం ఎంత తప్పో వివరించారు. మా మామగారి మోచెయ్యి కూడా చూపించారు, తన చెయ్యే వంచి. పాపం ఆ పెద్దావిడ ఎండలో నిలబడి అంతా విని, "క్షమించండి" అని లోపలికి వెళ్ళిపోయింది. రూబార్బ్ కట్ట కంచె మీదే ఉండిపోయింది.

"పెద్దావిడండీ, ఏదో అడిగింది. దానికి అంత పురాణం విప్పాలా?" అన్నాను.

"పెద్దావిడైతే? ప్రపంచంలో ప్రతివాళ్ళకీ మనం మద్రాసువాళ్ళమేనా?"

"ఆవిడ అడిగిన తీరు చూశారా? తప్పిపోయిన పిల్లాడి గురించి అడిగినట్టు అడిగింది."

ఆయన వినలేదు. ఆ కాడలతో నేను పప్పు చేశాను. మామిడికాయ పప్పులా కుదిరింది. రెండుసార్లు వేయించుకుని తిన్నారు మహానుభావుడు.

జూలైలో ఒక పొద్దున మొక్కలకు నీళ్ళు పెడుతూ కంచె అవతలకి చూశాను. మడి నిండా చుక్కకూర! నా కళ్ళని నేనే నమ్మలేదు. ఈ దేశంలో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నాను, గోంగూర ఫ్రీజర్లో దొరుకుతుంది గాని చుక్కకూర మొహం చూడలేదు. ఆగలేక వెళ్ళి తలుపు తట్టాను. వాళ్ళ భాషలో దానికేదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. వాళ్ళు దాంతో పచ్చటి సూపు కాస్తారట. నేను ఒడి నిండా కోసుకొచ్చి, పప్పులో వేసి, ఎండుమిరపకాయ పోపు పెట్టి, గిన్నెతో పట్టుకెళ్ళాను. ఆవిడ స్పూనుతో తిని, కళ్ళు మూసుకుంది.

"మా అమ్మ చేసిన పులుపే ఇది. ఆ కారం ఒక్కటే ఆవిడది కాదు," అంది.

ఇద్దరం నవ్వాం. అప్పుడు మెల్లగా అడిగింది. "మీ ఆయనకి నా మీద కోపం తగ్గిందా? నేను తప్పు ఉద్దేశంతో అడగలేదు. మీ దేశంలో నాకు తెలిసిన ఊరు అదొక్కటే. మా అన్న అక్కడ ఉన్నాడు."

"అలాగా! ఏం చేస్తుంటారండీ?" అన్నాను, బుర్ర లేకుండా.

"పడుకుని ఉన్నాడు. ఎనభై ఏళ్ళయింది."

నాలుక కరుచుకున్నాను. ఆవిడేం అనుకోలేదు. తడుముకుంటూ వెళ్ళి గోడ మీద ఫోటో తీసి నా ఒళ్ళో పెట్టింది. టోపీ ఓ పక్కకి వాల్చుకుని, చెవులు రెండూ బయటకి పొడుచుకొచ్చి, నవ్వు ఆపుకుంటున్న కుర్రాడు. పేరు దిమిత్రో. బళ్ళో టీచరు పలకలేక మెట్రో అన్నారట, అదే ఉండిపోయింది. ఇరవై ఒకటో ఏట రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం తోకలో తుపాకీ పట్టుకుని కూర్చునే పని. బర్మాలో జపానువాళ్ళ మీద బాంబులేసి తిరిగి వస్తూ విమానం మన సముద్రం ఒడ్డున కూలిపోయింది. మద్రాసులో పాతిపెట్టాం అని కబురొచ్చింది. అప్పుడు ఓల్గాకి ఎనిమిదేళ్ళు.

"మాలో పోయినవాళ్ళ కోసం గోధుమలు ఉడికించి తేనె కలిపి పెడతారు. కోలివో అంటారు. అందరూ కూర్చుని తింటారు. మా అమ్మ వాడికి కోలివో వండలేదు. వండితే వాడు పోయాడని ఒప్పుకున్నట్టే కదా! శవం చూడలేదు, నేనొప్పుకోను అంది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, చెల్లెలు పోయింది. అందరికీ వండాను. వాడికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ వండలేదు."

ఇల్లు అమ్మేసిందట. అక్టోబరులో ఇక్కడికి గంట దూరంలో, పుట్టిన ఊరికి దగ్గర్లో ఒక సీనియర్స్ హోమ్‌కి వెళ్ళిపోతోంది. అక్కడ తన పొయ్యి ఉండదు.

"వెళ్ళేలోపు ఒక్కసారి వండాలి. మా పొలం గోధుమతోనే వండాలి. వాడి పక్కన ఎవరో ఒకరు నిలబడి వాడికింత పెట్టాలి. వాడి గొంతు ఎలా ఉండేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే ఇక వాడికి పెట్టేవాళ్ళెవరు? అందుకే ఇండియన్ కనబడితే చాలు అడుగుతాను. బస్సు డ్రైవర్ని అడిగాను, పళ్ళ డాక్టర్ని అడిగాను. అందరూ మద్రాస్ కాదన్నారు. మీ ఆయన అందరికన్నా పొడుగ్గా కాదన్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"ఇంకో సంగతి. టీవీలో మీ దేశం గురించి చెప్పినప్పుడల్లా చెవులు రిక్కించి వింటాను. ఆ ఊరి పేరే రాదు. ఊరిని ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"లేదమ్మా, పేరు మార్చారు. ఇప్పుడు చెన్నై అంటారు. మా చెల్లెలుండేది అక్కడే."

"చెన్నై," అని నెమ్మదిగా పలికి చూసుకుంది. నా చెయ్యి పట్టుకుంది, వదలలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మొత్తం చెప్పేశాను. "మీరు చీవాట్లు పెట్టిన మనిషి అన్న ఉన్నాడండీ ఆ ఊళ్ళో!" అన్నాను. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిఖిల ఫోను తీసి రెండు నిమిషాలు గీకింది.

"ఫౌండ్ హిమ్. మద్రాస్ వార్ సెమెటరీ, నందంబాక్కం. డాడ్, ఇట్స్ లైక్, టెన్ మినిట్స్ ఫ్రమ్ పద్మిని పిన్నీస్ ప్లేస్."

"ఏ సంవత్సరం పోయాడు?" అని అడిగారు ఆయన.

"నైన్టీన్ ఫార్టీ ఫోర్."

ఆయన మెతుకులు ఓ పక్కకి జరిపారు. తర్వాత కంచంలోకి చూస్తూనే అన్నారు. "నలభై రెండులో జపానువాళ్ళు కాకినాడ మీద బాంబులేశారు. నాన్నకి పదేళ్ళు. నానమ్మ పొయ్యి మీద అన్నం కుండ అలాగే వదిలేసి, పిల్లల్ని ఎడ్లబండెక్కించి పిఠాపురం వైపు తోలించిందట. మళ్ళీ ఎప్పుడొస్తాయోనని ఆకాశం చూస్తూ బతికేవాళ్ళమని చెప్పేవాడు నాన్న. మళ్ళీ రాలేదు." చెయ్యి కడుక్కోవడానికి లేచారు. "ఎందుకు రాలేదో మా ఇంట్లో ఎవరం అడగలేదు."

మర్నాడు పొద్దున లేచి చూస్తే, ఓల్గా ఇంటి ముందు గడ్డి కోస్తున్నారు. అంచులు కూడా కత్తెరతో కత్తిరించారు. ఆవిడ గుమ్మంలోకి రాగానే, "ఓల్గా గారూ, ఈ చుక్కకూరకి రోజూ నీళ్ళు పెడతారా, రోజు విడిచి రోజా?" అని ఇంగ్లీషులో అడిగారు, 'గారూ' మాత్రం తెలుగే. మా కాకినాడ మగవాళ్ళకి క్షమించమని అడగడం చేతకాదు. గడ్డి కొయ్యమంటే కోస్తారు. ఆవిడకది అర్థమైనట్టే ఉంది, కాఫీకి రమ్మంది.

ఆగస్టు చివర ముగ్గురం కారులో వాకా అనే ఊరి దగ్గర వాళ్ళ పొలానికి వెళ్ళాం. కనుచూపు మేర గోధుమ. గట్టు లేదు, చెట్టు లేదు. పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతే కొనేసుకున్నాడట, ఆవిడ పేరున ఇదే ఆఖరి పంట. కంబైన్ మిషను దుమ్ము లేపుకుంటూ తిరుగుతోంది. ఓల్గా ఆ చప్పుడు వైపు చెవి పెట్టి నిలబడింది. రైతు దిగివచ్చి, టోపీ తీసి, ఒక గిన్నె నిండా గింజలు ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూసి, తల ఊపింది.

"మెట్రో రైలెక్కుతూ, కోతలకు వచ్చేస్తాను అని అరిచాడు," అంది. "అమ్మ ప్రతి ఏడూ కోతల రోజుల్లో బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెట్టేది. తర్వాత నేను పెట్టాను. ఎక్కడైనా వస్తాడా, నాకు తెలియదా? అయినా చెయ్యి ఊరుకోదు."

మా ఆయన కాస్త దూరంలో వంగి పిడికెడు మట్టి తీశారు. ఆయన జీవితమంతా మట్టితోనే గడిచింది. వేళ్ళతో నలిపారు, వాసన చూశారు.

"వాసంతీ, ఇలాంటి మట్టిని వదిలి వెళ్ళాడే!" అన్నారు నాతో. మట్టిని మళ్ళీ మెల్లగా నేల మీద పోశారు. నేను అటు తిరిగి మిషను చూస్తున్నట్టు నటించాను.

ఏటా సెప్టెంబరులో మామగారి తద్దినానికీ, మహాలయ పక్షాలకీ ఆయన కాకినాడ వెళ్తారు, మా బావగారింటికి. గోధుమలు ఆయనకే ఇచ్చి పంపి, అక్కణ్ణుంచి పద్మినికి చేర్పించి, అది వెళ్ళి పెట్టేట్టు అనుకున్నాం. ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పారు. మొలకెత్తే పచ్చి గింజని అక్కడ కస్టమ్స్‌వాళ్ళు రానివ్వరట. ఉడికించి పంపితే దారిలో పాచిపోతుంది.

"వేయించి పొడి చేసి, తేనెతో ఉండలు కడతాను. మిఠాయిని ఏ దేశంవాళ్ళూ ఆపరు. ఆవకాయలు దాటించిన చెయ్యి ఇది," అన్నాను.

ఓల్గా ఒప్పుకోలేదు. "కోలివో అంటే ఉడకబెట్టాల్సిందే. గింజ మట్టిలో పడితే మళ్ళీ లేస్తుందని కదా గోధుమే వండుతాం? వేయించేస్తే ఇంకేం లేస్తుంది?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఓల్గా గారూ, ఉడికించిన గింజ కూడా మొలకెత్తదు. నేను సైంటిస్టుని, నా మాట నమ్మండి."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు," అని నవ్వేసింది. "సరే, వేయించు."

ఆవిడ వంటింట్లోనే, ఆవిడ పొయ్యి మీదే వేయించాం. ఇల్లంతా కమ్మటి వాసన. అందులో గసగసాలు కూడా పడాలంది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. గసగసాలు మనకి కొత్తా! ఆవిడ తేనె పోస్తుంటే నేను ఉండలు చుడుతున్నాను. నిఖిల బల్ల దగ్గర కూర్చుని ఆఫీసు పని చూసుకుంటోంది. ఆయన వచ్చి దాని పక్కన నిలబడ్డారు.

"ఆ టికెట్టు కాస్త మార్చమ్మా."

"మార్చి?"

"హైదరాబాదు కాకుండా, అక్కడ దిగేట్టు."

"అక్కడ మీన్స్ వేర్, డాడ్?"

"అదే... మీ పిన్నివాళ్ళ ఊళ్ళో."

నేను తలెత్తలేదు. ఎత్తితే ఆయన మనసు మార్చుకుంటారేమోనని భయం. ఉండలు చుడుతూనే ఉన్నాను. ఒకటి మరీ కొబ్బరికాయంత అయింది. రాత్రి పద్మినికి ఆయనే ఫోన్ చేశారు. "మీ ఇంటికి ఎలా రావాలమ్మా ఎయిర్‌పోర్టు నుంచి?" అనగానే అది అవతల గొల్లుమంది. "ముప్ఫై ఏళ్ళకి అడిగారు బావగారూ! పల్లకీ పంపిస్తాను, ఉండండి," అని ఏడుస్తూనే వేళాకోళం ఆడింది.

మహాలయ పక్షాల్లో చతుర్దశి ఆయుధాల వల్ల పోయినవాళ్ళకి పెట్టే రోజు. ఆ రోజే వెళ్తానని ఆయనే ఎంచుకున్నారు. వాళ్ళకి పొద్దున్నే, మాకు ముందు రోజు సాయంత్రం. ఓల్గా నీలం గౌను వేసుకుని, ముత్యాల దండ పెట్టుకుని, సామాన్లన్నీ సర్దేసిన వంటింట్లో కూర్చుంది. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించింది. పక్కనే గిన్నెలో ఉడికించిన అసలు కోలివో, పొద్దున వండింది. ఒక కంచం ఎక్కువ పెట్టింది. నేను ఫోనుని చక్కెర డబ్బాకి ఆనించాను.

తెరలో మా ఆయన కనబడ్డారు. తెల్ల పంచె కట్టుకున్నారు. పంచె కట్టి ఎన్నాళ్ళయిందో! వెనక పద్మిని, చేతిలో అరిటాకు.

"కనబడుతోందా వాసంతీ?"

"నాకు కనబడుతోంది. ఆవిడకి చెప్పాలి కదా, మీరే చెప్పండి."

ఆయన చెప్పారు. పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటే నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పారు. "ఓల్గా గారూ, గడ్డి పచ్చగా ఉంది. చాలా బాగా కత్తిరించారు, నాకన్నా బాగా. రాళ్ళు వరసగా ఉన్నాయి. మీ అన్నయ్య రాయి ముందు ఎర్ర పూల మొక్క పెట్టారు. రాయి మీద రెక్కలు చాపిన పక్షి చెక్కి ఉంది. పేరు చదువుతున్నాను." చదివారు. దిమిత్రో అనే చదివారు, పూర్తి పేరు. ఆ పేరు వాళ్ళ ఇంట్లోవాళ్ళు పలికినట్టు పలకాలని నెల రోజులుగా ఆవిడ దగ్గర నేర్చుకున్నారు.

ఓల్గా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "చెయ్యి వెయ్యమను. రాయి మీద చెయ్యి వెయ్యమను."

ఆయన వంగి రాయి మీద అరచెయ్యి ఆనించారు. కాసేపు తియ్యలేదు.

తోటమాలి వచ్చి తమిళంలో ఏదో అన్నాడు. పద్మిని సర్దిచెప్పింది. తిండి పెట్టకూడదట గాని, తర్వాత ఆకు తీసేస్తామంటే, సరే పక్కన గడ్డి మీద పెట్టుకొమ్మన్నాడట. ఉండలు ఆకులో పెట్టి ఇద్దరూ వెనక్కి జరిగారు. జరిగి నిలబడ్డారు.

"ఇప్పుడు దేనికోసం చూస్తున్నారు?" అని అడిగింది ఓల్గా.

ఎలా చెప్పను? మా వైపు పోయినవాళ్ళ పేరున పెట్టిన ముద్ద కాకి ముట్టితేనే వాళ్ళకి అందినట్టు. ముట్టకపోతే వాళ్ళకేదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "చిన్నదాని పెళ్ళి మేం చేస్తాం", "ఇల్లు పూర్తి చేస్తాం" అని మాటిస్తారు. అసలు మాట పడగానే కాకి దిగుతుంది. మా తాతయ్యప్పుడు ఎవరేం చెప్పినా దిగని కాకి, మా అమ్మమ్మ వచ్చి "చుట్టలు కాల్చారని ఇంక తిట్టనులెండి" అనగానే వచ్చి వాలింది. నేను కళ్ళారా చూశాను. అంతా ఓల్గాకి చెప్పాను. నవ్వుతుందేమోనని బెదురుతూనే చెప్పాను. నవ్వలేదు.

"వచ్చిందా?" అంది.

రాలేదు. మద్రాసు కాకులు మనిషి చేతిలో వడ లాక్కుపోతాయని పద్మిని ఎప్పుడూ చెబుతుంటుంది. ఆ పూట చెట్ల మీద కూర్చుని అరుస్తున్నాయే గాని ఒక్కటీ దిగలేదు.

"ఇవి మద్రాసు కాకులు. మనం పిలిస్తే వస్తాయా!" అన్నారు మా ఆయన. మాట వేళాకోళమే గాని మొహం మాత్రం చిన్నబోయింది. ఇవన్నీ నమ్మనని ఇన్నేళ్ళూ నాతో వాదించిన మనిషి, చెట్ల వైపే మెడ చాపి చూస్తున్నారు. నేనూ ఫోనుకి దగ్గరగా వంగాను. ఇంత చేసి, ఇంత దూరం మోసుకెళ్ళి, ఆవిడకి అందలేదన్న మాట మిగిల్చి పంపాలా అనిపించింది. దేవుడా, ఒక్క కాకినైనా దింపు తండ్రీ అని మొక్కుకున్నాను.

ఓల్గా బల్ల పట్టుకుని లేచింది. ఫోనుకి మొహం పక్కగా పెట్టి, గుమ్మంలో నిలబడి పొలంలో ఉన్నవాళ్ళని భోజనానికి పిలిచినట్టు, గట్టిగా వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. నాకు అందులో మెట్రో అన్న పేరొక్కటే తెలిసింది. చెప్పి కూర్చుంది.

"ఏం చెప్పారు?" అన్నాను.

"మెట్రో, కోతలు అయిపోయాయి, అన్నాను. గింజంతా ఇంటికి చేరింది. నువ్వింక రావక్కర్లేదు, తిను, అన్నాను."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఫోనులో రెక్కల చప్పుడు. మా ఆయన కేక పెట్టారు.

"ముట్టింది! వాసంతీ, ముట్టిందే! ఓల్గా గారూ, ముట్టింది!"

"ఆ అరుపేమిటి?" అంది ఓల్గా.

"కాకి. వచ్చి వాలింది."

"తింటోందా?"

"తింటోందమ్మా. నేను చుట్టిన ఆ పెద్ద ఉండే తింటోంది. ఇంకోటి కూడా వచ్చింది."

ఓల్గా కొంగంత చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుని, గిన్నెలోంచి కోలివో ఒక స్పూను తీసి నా అరచేతిలో పెట్టింది, తనూ తింది. తేనె, గోధుమ, గసగసాలు. తర్వాత లేచి, ఎక్కువగా పెట్టిన ఆ కంచం తీసి, కడిగి, తుడిచి, సర్దిన పెట్టెలో పెట్టేసింది.

"మీ ఆయన అంతసేపు కాదన్నాడు గనుక సరిపోయింది," అంది. "ఒక్క ముక్కలో కాదనేసి ఉంటే, నేను మర్చిపోయి ఊరుకునేదాన్ని. థాంక్యూ, వాసంతీ."

"మేం చెప్పాలమ్మా ఆ మాట. మా మామగారు పదేళ్ళప్పుడు ఎడ్లబండెక్కి పారిపోయారు. తిరిగి ఇంటికొచ్చి పెద్దవాడై, పెళ్ళాడి, ఈయన్ని కన్నారు. మధ్యలో ఎవరెవరు అడ్డం నిలబడ్డారో మాకు తెలియదు. ఒక్కడి పేరు తెలిసింది, చాలు," అన్నాను. అన్నది నిజం, ఇప్పటికీ అదే అంటాను.

అక్టోబరులో ఓల్గా వెళ్ళిపోయింది. చుక్కకూర మడి వేళ్ళతో సహా తవ్వి మా పెరట్లో నాటించి మరీ వెళ్ళింది. మా ఆయన ఇండియా నుంచి వచ్చాక, మొదటి మంచు పడిన మర్నాడు ఇద్దరం ఆవిడని చూడడానికి వెళ్ళాం. భోజనాల గదిలో కూర్చుని ఉంది. పద్మిని అక్కణ్ణుంచి పంపిన ఎండు పువ్వు ఒకటి, ఆ రాయి ముందు రాలింది, ఆయన ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని మొహం పక్కన పెట్టుకుని చూసింది, చాలాసేపు చూసింది.

బల్లకి అవతల కూర్చున్న డోరతీ అనే ఆవిడకి కుతూహలం ఆగలేదు. "ఎవరు ఓల్గా వీళ్ళు?" అని అడిగింది.

"వీళ్ళా? మా మెట్రో ఊరివాళ్ళు," అంది ఓల్గా. "మద్రాస్ నుంచి."

నేను స్పూను కింద పెట్టేశాను. చొక్కా పట్టుకుని లాగుదామా అని చెయ్యి కూడా చాపాను.

"యెస్," అన్నారు మా ఆయన. "ఫ్రమ్ మద్రాస్."

అని, నా వైపు తిరిగి, మా మామగారి మాట, ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ మాట, తెలుగులో మెల్లగా అన్నారు. "మద్రాసు మనదే."

"ఏమంటున్నాడు?" అంది ఓల్గా.

"ఆ ఊరు మనదే అంటున్నారు," అన్నాను.

"మరి కాదా?" అంది ఓల్గా, తన రొట్టెలో సగం తుంచి ఆయన కంచంలో వేస్తూ.